డ్యూ డేట్ అక్టోబరులో, కాలేజీ ఆగస్టులో

అమెరికాలో ఒంటరిగా, కడుపుతో ఉండి నర్సింగ్ చదవాలనుకునే తెలుగమ్మాయిలు నన్ను మొదట అడిగేది ఒకటే: "అక్కా, ఫీజు ఎలా కట్టావు?" నేను చెప్పేదేమిటంటే, ఫీజుకి డబ్బు తెచ్చుకోవడానికి దారులున్నాయి. వచ్చిన డబ్బుని పురుడు మధ్యలో చేజారిపోకుండా నిలబెట్టుకోవడమే అసలు కష్టం. ఆ రెండో సంగతి నాకు ఎవరూ ముందుగా చెప్పలేదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

నేను 2018లో డిగ్రీ రెండో ఏడాది మధ్యలో ఆపేసి, పెళ్ళి చేసుకుని గ్రీన్ కార్డు మీద ఇక్కడికి వచ్చాను. 2024 మొదట్లో మేం విడిపోయాం. ఎందుకన్నది ఇక్కడ అవసరం లేదు. విడిగా అద్దెకు దిగిన కొద్ది రోజులకే నీళ్ళోసుకున్నానని తెలిసింది. అప్పటికి నేను ఒక వృద్ధుల నర్సింగ్ హోమ్‌లో సీఎన్ఏగా, అంటే నర్సులకి సహాయకురాలిగా పనిచేస్తూ, కమ్యూనిటీ కాలేజీలో అనాటమీ, మైక్రోబయాలజీ లాంటి ముందస్తు కోర్సులు పూర్తి చేసుకున్నాను. ఆగస్టులో మొదలయ్యే రెండేళ్ళ నర్సింగ్ కోర్సు ఏడీఎన్‌లో సీటు కూడా వచ్చింది. డాక్టరమ్మ చెప్పిన డ్యూ డేట్ అక్టోబరు.

అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. "నీళ్ళోసుకున్న పిల్లవి, ఇప్పుడు చదువేంటే? వచ్చెయ్, పురుడు నేను పోస్తాను" అంది.

"వచ్చేస్తాను సరే, పురుడయ్యాక ఏం చేసి బతకనమ్మా?"

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "అయితే నెలలు నిండేసరికి నేనే వస్తాను. వీసా సంగతి చూడు" అంది. ఆ మాట దొరికాకే నాకు ధైర్యం వచ్చింది.

ముందు కాలేజీ గురించి. నాలుగేళ్ళ నర్సింగ్ డిగ్రీ బీఎస్ఎన్ చేసినా, రెండేళ్ళ ఏడీఎన్ చేసినా నర్సు లైసెన్సుకి రాసేది ఒకటే ఎన్‌క్లెక్స్ ఆర్ఎన్ పరీక్ష. చాలాచోట్ల కమ్యూనిటీ కాలేజీ ట్యూషన్, తక్కువ ఆదాయం ఉన్న విద్యార్థులకి తిరిగి కట్టక్కర్లేకుండా ప్రభుత్వం ఇచ్చే పూర్తి పెల్ గ్రాంట్ కంటే తక్కువే ఉంటుంది. ఫారం నింపిన గంటలోనే ఫోన్ చేసి "రేపే చేరొచ్చు" అనే ప్రైవేటు కాలేజీలు కొన్ని ఉన్నాయి. నాకూ ఫోన్లు వచ్చాయి. వాళ్ళ ఫీజు లెక్క వేసి చూస్తే గ్రాంటంతా అందులోకే పోయి, పైన పెద్ద అప్పు మిగిలేది. బిడ్డతో ఉన్న మనిషి ఆ అప్పు నెత్తిన పెట్టుకోకూడదని నా గట్టి అభిప్రాయం. ఎక్కడ చేరినా ఆ కోర్సుకి రాష్ట్ర నర్సింగ్ బోర్డు అనుమతి ఉందో లేదో చూసుకోకుండా పైసా కట్టొద్దు.

ఇక ఫాఫ్సా. పెల్ గ్రాంట్ గానీ ఫెడరల్ లోన్లు గానీ రావాలంటే ఈ దరఖాస్తుతోనే మొదలు. పౌరులకీ, గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకీ వర్తిస్తుంది. హెచ్4 (ఉద్యోగి మీద ఆధారపడి వచ్చినవాళ్ళ), ఎఫ్1 (విద్యార్థి) వీసాల మీద ఉన్నవాళ్ళకి వర్తించదు. 2024-25 సంవత్సరానికి ఫారం మొత్తం మార్చేశారు. అంతకుముందు కొన్నేళ్ళుగా అక్టోబరులో తెరిచేది, ఆసారి 2023 డిసెంబరు చివర్లో గానీ తెరవలేదు. నేను మార్చిలో కూర్చుని నింపాను.

చిక్కల్లా పన్నుల దగ్గర వచ్చింది. ఆ ఏడాది ఫారానికి 2022 పన్ను లెక్కలు తీసుకుంటారు. 2022లో మేం జంటగా పన్ను వేశాం, ఆదాయంలో ముప్పాతిక పైగా ఆయనదే. విడిగా ఉంటున్నవాళ్ళు ఫారంలో వైవాహిక స్థితి దగ్గర విడిపోయినట్టు రాస్తే, లెక్కలోకి రావలసింది మన ఆదాయం ఒక్కటే. విడాకులు చేతికొచ్చేదాకా ఆగక్కర్లేదు. కానీ పన్నుల శాఖ నుంచి వచ్చే లెక్క జంటది కాబట్టి, అందులోంచి మన వాటా విడదీసి చూపించాలి. కాలేజీలోని ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసు నన్ను అడిగినవి నా పేరు మీది డబ్ల్యూ-2 (యజమాని ఇచ్చే జీతం లెక్క), విడిగా ఉంటున్నట్టు అద్దె ఒప్పందం, పరిస్థితి వివరిస్తూ ఒక ఉత్తరం. ఆ ఉత్తరంలో కన్నీళ్ళేమీ పెట్టలేదు. ఏ నెలలో విడిపోయాం, అప్పటి నుంచి ఇంటికి వచ్చే డబ్బు ఎంత, బిడ్డ ఎప్పుడు పుడుతుంది, అంతే రాశాను. ఇలా ఒక్కొక్కరి పరిస్థితి చూసి లెక్క సవరించే అధికారం ఆ ఆఫీసుకి చట్టప్రకారం ఉంది. దాన్ని ప్రొఫెషనల్ జడ్జిమెంట్ అంటారు. వాళ్ళంతట వాళ్ళు చెయ్యరు, మనం అడగాలి. ఉద్యోగం పోయినా, గంటలు తగ్గినా, పాత పన్ను లెక్కకీ ఇప్పటి బతుక్కీ పొంతన లేకపోయినా ఇదే దారి.

ఇంకో ముఖ్యమైన సంగతి. కడుపులో బిడ్డని కూడా కుటుంబంలో లెక్క వెయ్యొచ్చు. ఆ విద్యాసంవత్సరం ముగిసేలోపు పుట్టబోయే బిడ్డ, సగానికి పైగా పోషణ మనదే అయితే, మన కుటుంబం ఇద్దరు. ఇది చిన్న తేడా కాదు. పేదరిక రేఖకి 175 శాతం లోపు ఆదాయం ఉన్న విద్యార్థికి పూర్తి పెల్ గ్రాంట్ వస్తే, ఒంటరి తల్లికి ఆ హద్దు 225 శాతం. ఇద్దరు మనుషుల లెక్కకీ ఒకరి లెక్కకీ పేదరిక రేఖే వేరు. 24 ఏళ్ళు నిండని అమ్మాయిలు ఇంకొకటి గమనించాలి. మామూలుగా వాళ్ళు అమ్మానాన్నల ఆదాయం చూపించాలి. తన మీద ఆధారపడ్డ బిడ్డ ఉంటే చూపించక్కర్లేదు. నాకు అప్పటికే 26 కాబట్టి ఆ ప్రశ్న రాలేదు.

ఇక్కడ మనవాళ్ళు చాలామంది ఆగిపోయే చోటు ఒకటుంది. పెల్ గ్రాంట్ మొదటి బ్యాచిలర్ డిగ్రీ లేనివాళ్ళకే. ఇండియాలో చేసిన బీటెక్, బీఎస్సీ, బీకాం కూడా డిగ్రీ కిందే లెక్క. నాది సగంలో ఆగిపోయింది కాబట్టి నాకు వచ్చింది. ఇన్నాళ్ళూ ఆ ఆగిపోయిన చదువు గురించి ఎవరైనా అడిగితే తల దించుకునేదాన్ని. డిగ్రీ ఉన్నవాళ్ళకి ఫెడరల్ లోన్లు వస్తాయి, కింద చెప్పబోయే నర్స్ కోర్ స్కాలర్‌షిప్‌కి దరఖాస్తు పెట్టొచ్చు, డిగ్రీ ఉన్నవాళ్ళ కోసమే ఏడాదీ ఏడాదిన్నరలో ముగిసే బీఎస్ఎన్ కోర్సులూ ఉన్నాయి. దారి మూసుకుపోలేదు, వేరే దారి పట్టాలి.

2024-25లో పూర్తి పెల్ 7,395 డాలర్లు. తర్వాతి ఏడాదీ అంతే. సెమిస్టర్‌కి సగం చొప్పున ఇస్తారు. అయితే పూర్తి మొత్తం రావాలంటే సెమిస్టర్‌కి 12 క్రెడిట్లు ఉండాలి. మా నర్సింగ్ కోర్సులో మొదటి సెమిస్టర్ చూడటానికి 9 క్రెడిట్లే, పని మాత్రం రాత్రింబవళ్ళు. 9 క్రెడిట్లకి 75 శాతమే వస్తుంది. ఈ లెక్క తెలియక, పూర్తి గ్రాంట్ వస్తుందని అద్దెకి భరోసా పెట్టుకున్నవాళ్ళు ఆగస్టులో బిక్కచచ్చిపోతారు. ట్యూషన్ పోగా మిగిలింది కాలేజీ మన చేతికి ఇస్తుంది. నాకు స్టెతస్కోపు, స్క్రబ్స్, పుస్తకాలు, సీపీఆర్ కార్డు, బ్యాక్‌గ్రౌండ్ చెక్, డ్రగ్ టెస్ట్ అన్నీ దానిలోంచే వెళ్ళాయి.

ఇప్పుడు అసలు విషయం, డ్యూ డేట్.

కోర్సులో ఒక పెద్దావిడ నా పొట్ట చూసి, మంచి మనసుతోనే అనుకుంటాను, "ఈ ఏడాది మానేసి వచ్చే ఆగస్టులో రా" అన్నారు. మానెయ్యడమంటే సీటు వదులుకోవడం ఒక్కటే కాదు. చేరి మధ్యలో వదిలేస్తే ఇంకా నష్టం. సెమిస్టర్‌లో 60 శాతం రోజులు గడవకుండా అన్ని క్లాసులూ వదిలేస్తే, గడిచిన రోజులకి తగ్గ గ్రాంటే మనది. మిగతాది వెనక్కి వెళ్ళిపోతుంది. కాలేజీ ఆ డబ్బు ప్రభుత్వానికి తిప్పి పంపి, తనకి రావలసిన ట్యూషన్‌కి మనకి బిల్లు వేస్తుంది. ఆ బాకీ తీరేదాకా మళ్ళీ చేరనివ్వని చోట్లూ ఉన్నాయి. మా సెమిస్టర్‌లో 60 శాతం అక్టోబరు చివర్లో పడింది. నా కాన్పు దానికి ముందే. అంటే బిడ్డ పుట్టిన వారంలో నేను "ఇక నావల్ల కాదు" అని సంతకం పెట్టి ఉంటే, బాలింతగా మంచం మీదికి బిల్లు వచ్చి పడేది.

దీనికి మందు టైటిల్ నైన్. 1972లో వచ్చిన ఈ చట్టం ఆడామగా వివక్ష గురించి. ఫెడరల్ డబ్బు తీసుకునే ఏ కాలేజీ అయినా గర్భం కారణంగా విద్యార్థిని పక్కన పెట్టకూడదు. డాక్టరు అవసరమన్నన్ని రోజులు సెలవు ఇవ్వాలి, తిరిగొచ్చాక వెళ్ళేముందు ఏ స్థితిలో ఉందో అదే స్థితిలో కూర్చోబెట్టాలి. ప్రతి కాలేజీలో టైటిల్ నైన్ కోఆర్డినేటర్ అని ఒకరు ఉంటారు. క్లాసులు మొదలవకముందే, ఏడో నెలలో, నేను వెళ్ళి ఆవిణ్ణి కలిశాను. డాక్టరు ఉత్తరం ఇచ్చాను. ఆవిడ కోర్సు వాళ్ళని కూర్చోబెట్టి కాగితం మీద ఒప్పందం రాయించారు. థియరీ క్లాసుల రికార్డింగులు పంపాలి. పరీక్షలు తేదీ మార్చి పెట్టాలి. ఆసుపత్రిలో రోగుల దగ్గర పని నేర్చుకునే క్లినికల్ గంటలు మాత్రం ఎవరూ మాఫీ చెయ్యలేరు, ఆ గంటలు నేను తర్వాత పూర్తి చెయ్యాలి. సెమిస్టర్ చివర క్లినికల్ కోర్సుకి గ్రేడు బదులు ఇన్‌కంప్లీట్ పెట్టి, జనవరిలో వసంత సెమిస్టర్ మొదలయ్యేలోపు ఆ గంటలు చేయించారు. ఇన్‌కంప్లీట్ అంటే వదిలేసినట్టు కాదు, గ్రాంట్ అలాగే ఉంటుంది.

నోటిమాటగా "చూద్దాంలే అమ్మా" అన్నవాళ్ళు ఉన్నారు. అలాంటి ప్రతిసారీ ఇంటికొచ్చి, ఇవాళ మనం ఇలా అనుకున్నాం కదా అంటూ మెయిల్ పెట్టేదాన్ని. మొహమాటం మన రక్తంలో ఉంది, తెలుసు. ఆ మెయిల్ పెట్టడానికి నాకూ చేతులు వణికేవి. కానీ బిడ్డ ఒళ్ళోకి వచ్చాక, కాగితం మీద ఉన్న మాట తప్ప ఇంకేదీ నిలబడలేదు.

టీకాల సంగతి కూడా ముందే చూసుకోవాలి. క్లినికల్స్‌కి వెళ్ళాలంటే తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా, ఆటలమ్మ వీటన్నిటికీ రక్షణ ఉన్నట్టు చూపించాలి. వీటి టీకాలు బతికున్న వైరస్‌తో చేసేవి కాబట్టి కడుపుతో ఉన్నప్పుడు వెయ్యరు. చిన్నప్పటి టీకాల కార్డు మనలో ఎంతమంది దగ్గరుంది? రక్తపరీక్షతో యాంటీబాడీలు ఉన్నాయని తేలితే చాలు. నాకు ఆటలమ్మకి ఉన్నాయి, రుబెల్లాకి సరిపడా లేవు. డాక్టరు ఉత్తరంతో కాన్పు అయ్యేదాకా మినహాయింపు అడిగి, కాన్పయ్యాక వేయించుకున్నాను. ఇది ఆగస్టు మొదటి వారంలో బయటపడితే క్లినికల్ సీటే పోవచ్చు. కడుపు అని తెలియగానే పరీక్ష చేయించుకోండి.

పని గురించి. సీఎన్ఏ పని అంటే మనుషుల్ని లేపడం, తిప్పడం. 2023 జూన్ నుంచి అమల్లో ఉన్న గర్భిణి ఉద్యోగుల చట్టం ప్రకారం, 15 మంది గానీ అంతకంటే ఎక్కువ గానీ పనిచేసే చోట బరువులెత్తే పని తగ్గించమని అడగొచ్చు. ఆరో నెల నుంచి నాకు భోజనం తినిపించడం, చార్టింగ్ ఇలాంటి పనులిచ్చారు. జీతం ఆగలేదు. ఇంకా సీఎన్ఏ కూడా కానివాళ్ళు ఒకటి తెలుసుకోవాలి. వృద్ధులకిచ్చే మెడికేర్, తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకిచ్చే మెడికెయిడ్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమాల గుర్తింపు ఉన్న నర్సింగ్ హోమ్ తన దగ్గర పనిచేసేవాళ్ళ నుంచి, ఉద్యోగం ఇస్తామని మాటిచ్చినవాళ్ళ నుంచి సీఎన్ఏ శిక్షణకి డబ్బు తీసుకోకూడదు. సొంత డబ్బుతో నేర్చుకుని ఏడాదిలోపు అలాంటిచోట చేరినా ఆ ఖర్చు తిరిగి రాబట్టుకోవచ్చు.

కాన్పు ఖర్చు ఫీజులో భాగం కాదు గానీ, అది చూసుకోకపోతే ఫీజు డబ్బుని మింగేస్తుంది. గర్భిణులకి మెడికెయిడ్ ఆదాయ హద్దు మామూలు కంటే ఎక్కువ. ఇప్పుడు దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ కాన్పయ్యాక 12 నెలల దాకా కొనసాగుతుంది. గ్రీన్ కార్డు వచ్చి అయిదేళ్ళు కాని గర్భిణులకి ఇచ్చేదీ లేనిదీ రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. విక్ అని, గర్భిణులకీ పసిపిల్లలకీ పాలు, గుడ్లు, పళ్ళు, పప్పులు కొనుక్కోవడానికి ఇచ్చే సాయం ఉంది. బిడ్డకి అయిదేళ్ళు వచ్చేదాకా ఇస్తారు. మా పిన్ని ఫోన్‌లో "ఇవన్నీ తీసుకుంటే రేపు పౌరసత్వం ఇవ్వరేమోనే" అని భయపెట్టింది. ఆవిడ ప్రేమ ఆవిడది. గ్రీన్ కార్డు ఉన్న మనిషి పౌరసత్వానికి వెళ్తే, ప్రభుత్వ సాయం మీద ఆధారపడతారా అని చూసే పబ్లిక్ చార్జ్ అనే పరీక్ష ఉండదు. ఇంకా గ్రీన్ కార్డు రానివాళ్ళు మాత్రం ఇమ్మిగ్రేషన్ లాయర్ని అడిగాకే ఏ సాయమైనా తీసుకోండి.

బిడ్డని చూసుకునే మనిషి. ఇక్కడే నేను ఎక్కువ ఏడ్చాను. క్లినికల్ పొద్దున్న ఆరూ నలభై అయిదుకి మొదలు. డేకేర్ తలుపు తీసేది ఏడింటికి. ఆ కాస్త తేడా కోసం ఎవరూ గ్రాంట్ ఇవ్వరు. అమ్మ సెప్టెంబరులో వచ్చి, విజిటర్ వీసా మీద ఆర్నెల్లు ఉంది. పథ్యం వండింది, పాపకి నలుగు పెట్టి కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోసింది, రాత్రుళ్ళు ఎత్తుకు తిరిగింది. జనవరిలో నేను క్లినికల్ గంటలు పూర్తి చెయ్యగలిగానంటే ఆవిడ ఉండబట్టే. మార్చిలో అమ్మ వెళ్ళిపోయాక ఏం చెయ్యాలన్నది, అమ్మ విమానం ఎక్కకముందే తేల్చుకోవాలి కదా.

డేకేర్ సాయానికి నేను పాప పుట్టిన కొద్ది రోజులకే దరఖాస్తు పెట్టాను. ఫెడరల్ డబ్బుతో ప్రతి రాష్ట్రం నడిపే పథకం అది. అందులో చూసేది బిడ్డ పౌరసత్వాన్ని, తల్లిది కాదు. చదువుని కూడా చాలా రాష్ట్రాలు పనితో సమానంగా ఒప్పుకుంటాయి. వరస చాలా పొడుగు, నాకు ఏప్రిల్‌కి గానీ రాలేదు. కొన్ని రాష్ట్రాల్లో బంధువులు, ఇరుగుపొరుగు వాళ్ళు కూడా పేరు నమోదు చేసుకుని పిల్లల్ని చూసినందుకు ఆ పథకం నుంచే డబ్బు తీసుకోవచ్చు. మా మెట్ల కింద ఇంట్లో ఉండే తెలుగావిడని అలా నమోదు చేయించాను. నేను ఆమెని అక్కా అంటాను. క్లినికల్ రోజుల్లో తెల్లవారుజామున పాపని నిద్రలోనే ఎత్తుకెళ్ళి ఆమె చేతుల్లో పెట్టేదాన్ని. "నువ్వెళ్ళమ్మా, లేచాక పాలు నేను పడతాలే" అనేది. డబ్బు వచ్చేది కాబట్టి నాకు రుణపడిన బాధ కొంత తగ్గింది. మొత్తం తగ్గలేదు, తగ్గదు కూడా. కొన్ని కాలేజీల్లో క్యాంపస్ మీదే విద్యార్థుల పిల్లల కోసం ఫెడరల్ గ్రాంటుతో నడిచే డేకేర్ ఉంటుంది. సిక్యాంపిస్ అనే ఆ పథకం మీ కాలేజీలో ఉందేమో కనుక్కోండి.

డేకేర్ ఖర్చుని కాలేజీ వాళ్ళు వేసే చదువు ఖర్చు అంచనాలో కూడా కలపమని అడగొచ్చు. దానివల్ల పెల్ పెరగదు గానీ, లోన్‌కీ ఇతర స్కాలర్‌షిప్‌లకీ చోటు పెరుగుతుంది. మొదటిసారి తీసుకునే లైసెన్సు ఖర్చు కూడా ఆ అంచనాలో కలుస్తుంది.

లోన్ నేను తీసుకున్నాను, కానీ సబ్సిడైజ్డ్ మాత్రమే. అమ్మానాన్నల ఆదాయం చూపించక్కర్లేని విద్యార్థికి మొదటి ఏడాది 9,500 డాలర్ల దాకా ఇస్తారు, అందులో 3,500 మించి సబ్సిడైజ్డ్ ఉండదు. చదువుతున్నన్నాళ్ళూ దీని వడ్డీ ప్రభుత్వం కడుతుంది. మిగిలిన ఆరు వేలకి తీసుకున్న రోజు నుంచే వడ్డీ ఎక్కుతుంది. ఆన్‌లైన్‌లో మొత్తం ఒప్పుకునే బటనే ముందు కనిపిస్తుంది, కావలసినంత రాసుకునే వీలు పక్కనే ఉంటుంది. ఒంటరి తల్లులకి ఇంకో మాట. తీసుకునే క్రెడిట్లు పూర్తి లోడ్‌లో సగం కంటే కిందికి పడితే, లోన్ తిరిగి కట్టడం మొదలయ్యేలోపు ఇచ్చే ఆర్నెల్ల గడువు అప్పుడే మొదలవుతుంది. బిడ్డ కోసం పొడుగు విరామం తీసుకుంటే ఆ గడువు అక్కడే ఖర్చైపోతుంది, చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి మిగలదు.

నర్స్ కోర్ స్కాలర్‌షిప్‌కి దరఖాస్తు పెట్టాను, రాలేదు. ఇది ట్యూషన్ కట్టి, నెలనెలా భత్యం ఇచ్చి, ప్రతిగా నర్సుల కొరత ఉన్న చోట కనీసం రెండేళ్ళు పని అడుగుతుంది. ఏడీఎన్ వాళ్ళకీ ఇస్తారు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళూ అర్హులే. ఏడాదికి ఒక్కసారే తెరుస్తారు కాబట్టి తేదీ కనిపెట్టుకుని ఉండాలి. ఉద్యోగం వెతుక్కునేవాళ్ళ కోసం ప్రభుత్వ డబ్బుతో నడిచే అమెరికన్ జాబ్ సెంటర్ మాత్రం ఆదుకుంది. 2014 నాటి వయోవా చట్టం కింద, గిరాకీ ఉన్న ఉద్యోగాల శిక్షణకి వీళ్ళు డబ్బిస్తారు. క్లాసులు మొదలయ్యాక వెళ్తే చాలాచోట్ల ఒప్పుకోరు. నేను జూన్‌లోనే వెళ్ళాను. రెండో ఏడాది పుస్తకాలు, బూట్లు, చివర్లో ఎన్‌క్లెక్స్ రిజిస్ట్రేషన్ 200 డాలర్లు వాళ్ళే కట్టారు.

రెండో ఏడాది ఫాఫ్సాకి 2023 పన్నులు. అవీ జంటవే. ఆఫీసులో ఫైలు ఉంది కదా అని ఊరుకోకుండా ఆ కాగితాలన్నీ మళ్ళీ ఇచ్చాను. ఈసారి పాప జనన ధ్రువపత్రం కూడా జత చేశాను.

2026 మేలో కోర్సు పూర్తయింది. ఇప్పుడు ఎన్‌క్లెక్స్‌కి చదువుతున్నాను. నేను సీఎన్ఏగా పనిచేసిన చోటు కాకుండా ఒక ఆసుపత్రి నుంచి పిలుపు వచ్చింది, లైసెన్సు రాగానే చేరాలి. ఇంటర్వ్యూలో జీతం కంటే ముందు నేను అడిగింది బీఎస్ఎన్‌కి ఫీజు ఇస్తారా అని. యజమాని చదువుకిచ్చే డబ్బులో ఏడాదికి 5,250 డాలర్ల దాకా పన్ను లేదు. ఇస్తామన్నారు, ఎన్నేళ్ళు అక్కడే పనిచెయ్యాలో ఆ షరతు కాగితం పంపమన్నాను. ఇంకా రాలేదు, సోమవారం మళ్ళీ మెయిల్ పెడతాను.